గంటలో దిగుతుంది

ప్రొద్దుటూరులో ఫణీంద్ర బట్టల అంగడి ఆదివారాలు తెరవరు. అంగడి పైన ఉన్న గదిలో నెలకొకసారి, మొదటి ఆదివారం నాడు, పదిమంది చాపల మీద కూర్చుని తాము రాసుకొచ్చిన కాగితాలు చదువుకునేవాళ్లు. దీన్ని మొదలుపెట్టింది జమ్మలమడుగు హనుమంతయ్య సారు. ముప్పై నాలుగేళ్లు తెలుగు పంతులుగా చేసి రిటైరైన మనిషి. రాయాలని ఉండి రాయలేనివాళ్లంటే ఆయనకు ఎందుకో ప్రాణం. కథ, కవిత అనేసరికి అందరూ బెదిరిపోతున్నారని గమనించి ఒక సులువైన పద్ధతి పెట్టాడు. ప్రతివాళ్లూ రెండు పేజీలు తేవాలి. ఒకదానిలో తమకు ఇష్టమైన పాత వినోదం గురించి రాయాలి. నాటకం కానీ, తోలుబొమ్మలాట కానీ, రేడియో కానీ, టూరింగ్ టాకీసు కానీ, ఏదైనా సరే. రెండో పేజీలో ఇంట్లో రోజూ పనికొచ్చే మాట ఒకటి.

"మీకు తెలిసిందే రాయండప్పా. తెలీనిది రాసేవాళ్లు శానామంది ఉండారు," అనేవాడు.

ఫణీంద్ర భార్య హేమమాలిని మొదట్లో కాఫీ గ్లాసులు ఇవ్వడానికే పైకి వచ్చేది. మూడో నెల ఆమె కూడా ఒక కాగితం తెచ్చింది. తెల్ల చీర మీద పసుపు మరక పడితే ఎండలో ఎలా ఆరేయాలో రాసింది. మిద్దె మీద ఆ చీర ఆరేస్తూ వాళ్ల అత్త ఎవరెవరిని తిట్టేదో కూడా రాసింది. అందరూ పగలబడి నవ్వారు. హనుమంతయ్య సారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "నీకు రాసే చెయ్యి ఉందమ్మా," అన్నాడు. యాభై ఆరేళ్ల హేమమాలినిని వంట కాకుండా మరో పనికి ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ రాత్రి ఆ మాట భర్తకు రెండుసార్లు చెప్పింది.

అప్పటినుంచి ఆమె పేజీ కోసమే కొందరు వచ్చేవాళ్లు. బియ్యంలో పురుగు పట్టకుండా ఏం చేయాలి, వేసవిలో పెరుగు పులవకుండా ఎక్కడ పెట్టాలి, మాట వినని కోడలికి ఏ పని అప్పగించాలి. అన్నీ ముచ్చటగా రాసేది. ఎవరో ఒకరు ఆ పేజీని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టేవాళ్లు. అది అక్కడినుంచి ఎక్కడెక్కడికో పోయేది. అంగడికొచ్చిన ఆడవాళ్లు, "అవన్నీ రాసేది నువ్వేనంట గదమ్మా," అని అడిగితే హేమమాలిని తల వంచుకుని బట్టలు మడత పెట్టేది కానీ, లోపల ఎంత పొంగిపోయేదో ఆమెకే తెలుసు.

మసరత్ పులివెందుల మనిషి. నలభై రెండేళ్లుంటాయి. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. లైనింగు గుడ్డ కొనడానికి అంగడికొచ్చినప్పుడు పైన జరిగే కూటం సంగతి విని, మరుసటి నెలే బస్సెక్కి వచ్చేసింది. పదో తరగతి వరకు చదువుకుంది. చదవడానికి లేచి కాగితం విప్పింది.

"ఇది నాది కాదు, మా ఆయనది," అంది ముందుగానే. "ఆయనకు రాసేది రాదు. ఆయన చెప్పినాడు, నేను రాసినా."

ఆమె భర్త నబీరసూల్‌కు మైకుసెట్టు ఉంది. చిన్నప్పటినుంచీ నాటకాలకు మైకులు కట్టేవాడు. నాటకం చూడాలన్న పిచ్చితోనే ఆ పనిలో చేరాడట. ఆరోజు మసరత్ చదివింది, గండి ఆంజనేయస్వామి గుడి దగ్గర శ్రావణ శనివారం నాడు ఆడిన ఒక పద్యనాటకం గురించి. అప్పటికి నబీరసూల్‌కు ఇరవై ఏళ్లు. నాటకం మంచి పట్టు మీదున్నప్పుడు చినుకులు పడి యాంప్లిఫైయరు చచ్చిపోయింది. జనం ఈలలు వేశారు. రాజు వేషం కట్టిన ముసలాయన వేదిక అంచుదాకా నడిచి వచ్చి, గొంతు సవరించుకుని, మైకు లేకుండానే పద్యం ఎత్తుకున్నాడు. వెనక నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే నోరు మూసుకుని ముందుకొచ్చి తడి ఇసుకలో కూర్చున్నారు. పాపాఘ్ని ఏటి ఒడ్డున అంత జనంలో ఒక్క గొంతు తప్ప ఇంకేమీ వినబడలేదు. నబీరసూల్ చేతిలో తడిసిన వైరు పట్టుకుని ఏడుస్తూ నిలబడ్డాడు.

"ఆ పొద్దు నా మైకు చెడిపోయిందే మేలైందంటాడు మా ఆయన," అని చదివి మసరత్ కూర్చుంది.

హేమమాలిని ఆ కాగితం అడిగి తీసుకుని మళ్లీ తనలో తాను చదువుకుంది.

ఆ తర్వాత ప్రతినెలా నబీరసూల్ జ్ఞాపకం ఒకటి వచ్చేది. ఒకసారి అతనే వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. గుమ్మం దగ్గరే కూర్చుని, ఎంత అడిగినా లోపలికి రాలేదు. అందరూ బతిమాలితే మాత్రం ఆ ముసలి నటుడు రాగం ఎలా లాగేవాడో పాడి చూపించాడు. హేమమాలిని కాఫీ ఇస్తే నవ్వుతూ, "మా ఇంట్లో ఇప్పుడు ఉప్పుడబ్బా యాడ పెట్టాలన్నా నీ మాటే చట్టమక్కా," అన్నాడు.

అది నిజమే. మసరత్ హేమమాలిని పేజీలన్నీ మళ్లీ తన చేత్తో రాసుకుని వంటింటి గోడకు అన్నం మెతుకులతో అతికించుకునేది. బస్సు దిగగానే నేరుగా అంగడి వెనక ఇంట్లోకి వచ్చి, ఒక ముద్ద తిని, ఆ తర్వాతే పైకి వెళ్లేది. వారానికి రెండుసార్లయినా ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు. హేమమాలినికి చెల్లెళ్లు లేరు. ఆ లోటు తీరిందనుకుంది.

జూన్ నెల కూటంలో హేమమాలిని ఒక పేజీ చదివింది. వేళకాని వేళ భోంచేసే మగవాళ్ల గురించి. ఛాతీలో మంట, బరువు అనగానే ఇల్లంతా గగ్గోలు పెట్టేస్తారని, నూటికి తొంభైసార్లు అది గ్యాసేనని రాసింది. వాము, సొంఠి దంచి నీళ్లలో మరిగించి, నల్లుప్పు వేసి తాపాలి. ఎడమవైపుకు పడుకోబెట్టాలి. గంటలో దిగుతుంది. తన భర్త ఒకసారి గుండెనొప్పని వీలునామా రాస్తానన్న సంగతి, ఆ తర్వాత పెద్ద తేన్పు వచ్చిన సంగతి కూడా రాసింది. నవ్వి నవ్వి కొందరికి కళ్లనీళ్లు వచ్చాయి.

ఎస్తర్ మాత్రం నవ్వలేదు. ఆమె జమ్మలమడుగులో నర్సుగా చేసి రిటైరైంది. తక్కువ మాట్లాడే మనిషి.

"హేమా, కడాన ఒక మాట చేర్చుమ్మా," అంది. "చెమట పట్టినా, చెయ్యి గుంజినా ఆగకుండా ఆస్పత్రికి పోవాలని రాయి. గంట సూడాల అనబాక."

గదిలో నవ్వు ఆగిపోయింది. హేమమాలినికి ముఖం మీద నీళ్లు చల్లినట్టయింది. అంత మంచి పేజీకి ఆ చివర ఆస్పత్రి మాట పెడితే బాగుండదనిపించింది.

"అది ఎవురికి తెలీదక్కా? చంటి బిడ్డకు కూడా తెలుసు," అంది నవ్వుతూ.

ఎస్తర్ ఇంకేమీ అనలేదు. ఎవరో పేజీని ఫోటో తీసుకున్నారు. హేమమాలిని ఆ మాట చేర్చలేదు.

జూలైలో మసరత్ కూటానికి రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. జాకెట్ల పని ఎక్కువై ఉంటుందనుకుంది హేమమాలిని. మూడోరోజు వాట్సాప్ గ్రూపులో మసరత్ ఫోన్ నుంచే ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. గొంతు మాత్రం వేరే ఎవరిదో. నబీరసూల్ పోయిన గురువారం చనిపోయాడని, గుండెపోటని, అందరికీ తెలపమని రెండు ముక్కల్లో చెప్పింది.

హేమమాలిని, ఎస్తర్, హనుమంతయ్య సారు మరుసటిరోజే పులివెందుల బస్సెక్కారు. దారి పొడుగునా సారు నబీరసూల్ పాడిన రాగం గురించే మాట్లాడాడు. హేమమాలినికి అప్పటికింకా ఏమీ తెలియదు. ఆమె ఏడుపు అప్పటికి నబీరసూల్ కోసమే.

వాళ్ల ఆచారంలో భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు పరాయి మగవాళ్ల ఎదుటికి రాదు కాబట్టి సారు బయట బెంచీ మీద మగవాళ్లతో కూర్చున్నాడు. ఆడవాళ్లిద్దరూ లోపలికి వెళ్లారు. మసరత్ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. హేమమాలినిని చూసి లేవబోయి మళ్లీ కూర్చుండిపోయింది. హేమమాలిని పక్కన కూర్చుని చేయి పట్టుకుంది. ఆ చేయి చల్లగా ఉంది. తిరిగి పట్టుకోలేదు.

మాట్లాడింది నబీరసూల్ అక్క మాబున్ని. వచ్చినవాళ్లందరికీ చెప్పి చెప్పి ఆమె గొంతు బొంగురు పోయింది.

"మధ్యాన్నం మూడుగంటలప్పుడమ్మా, యాంప్లిఫైయరు ఇప్పుకోని కూసున్యాడు. ఛాతీ మీద బండ పెట్టినట్టుందన్యాడంట. ఆస్పత్రి ఎంత దూరం? ఈ వీధి కడాన తిరిగితే వస్తాది. పోకుండా ఈడనే పెట్టుకున్యారు. ఎవురో ప్రొద్దుటూరు ఆయమ్మ కాయితం రాసిచ్చిందంట, వాము నీళ్లు తాపి పండుకోబెట్టు, గంటలో దిగుతాదని. తాపినారు. పండుకోబెట్టినారు. గంట సూసినారు. చెమటకు చాప తడిసిపోయ్యా. డాక్టరు ఏమన్యాడు తెలుసునా? ఒక గంట ముందు తెచ్చింటే బతికేవాడేమో అన్యాడు. ఆ రాసిన ఆయమ్మ యాడుందో గానీ..."

"వదినా," అంది మసరత్. "చాలు."

"చాలేంది? వాళ్లకూ తెలియాల గదా..."

"చాలు వదినా. వాళ్లకు నీళ్లియ్యి."

మాబున్ని కళ్లు తుడుచుకుంటూ లేచి వెళ్లింది. ఆ రాసిన ఆయమ్మ ఎవరో ఆమెకు తెలియదని హేమమాలినికి అర్థమైంది. మసరత్ చెప్పలేదు. ఇన్ని రోజులుగా, ఇంతమందిలో, ఎవరికీ చెప్పలేదు. తలుపు సందులోంచి వంటిల్లు కనబడుతోంది. గోడ మీద కాగితాలు ఒక్కటీ లేవు. ఎండిన మెతుకుల మచ్చలు మాత్రం వరుసగా ఉన్నాయి.

అది తానేనని చెప్పబోయి హేమమాలిని నోరు తెరిచింది. మాబున్ని ఇచ్చిన నీళ్లు తాగింది. అంతే. మళ్లీ బస్సెక్కారు.

ముద్దనూరు దాటాక హేమమాలిని ఎస్తర్ చేయి పట్టుకుని అడిగింది. "నువ్వు చెప్పిన మాట కదక్కా ఇది. నువ్వు చెప్పినావు కదా. నేనే యినలేదు కదా."

ఎస్తర్ కిటికీ బయటికి చూస్తూ, "చెప్పినా. ఒకసారి చెప్పి ఊరుకున్యా," అంది. "నువ్వు నవ్వినావని నాకూ రోషమొచ్చింది. నలభై ఏండ్లు వార్డులో చేసినదాన్ని, గట్టిగా చెప్పాల్సింది నేను." ఓదార్పు మాట ఒక్కటి కూడా ఆమె అనలేదు. అనకపోవడమే మంచిదైందని హేమమాలినికి తర్వాత అనిపించింది.

ఇంట్లో ఫణీంద్ర మాత్రం ఓదార్చడానికే చూశాడు. "నువ్వేమన్నా డాక్టరువా? చదివినోళ్లకు బుద్ధుండాల. ఎవురన్నా నిన్ను ఒక మాట అన్యారా? గమ్మునుండు," అన్నాడు. భర్త చెప్పినట్టు గమ్మునుండటానికి హేమమాలిని ప్రయత్నించింది. అంగడిలో కూర్చుంది. కొలిచింది, కత్తిరించింది, మడత పెట్టింది. ఎవరైనా కొనేవాళ్లు ఛాతీ మీద చేయి వేసుకుంటే చాలు, ఆమె చేతిలోని కత్తెర ఆగిపోయేది. ఆగస్టు నుంచి కూటానికి గది తాళం తీసిచ్చేది కానీ పైకి వెళ్లేది కాదు.

నాలుగు నెలల పది రోజులు ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. నవంబరు చివర్లో ఇంట్లో చెప్పకుండా ఒక్కతే పులివెందులకు పోయింది.

మసరత్ మిషను దగ్గర ఉంది. చాలా చిక్కిపోయింది. కళ్లెత్తి చూసి, కుడుతున్న జాకెట్టు చేతిని చివరిదాకా కుట్టి, దారం తెంపి, అప్పుడు లేచింది.

"రాక్కా. కూసో."

హేమమాలిని కూర్చోలేదు. "మసరత్, నేను..." అంటూ ఆమె కాళ్ల దగ్గర కూలబడబోయింది. మసరత్ గబుక్కున భుజాలు పట్టుకుని ఆపింది.

"అట్ల చేయబాకక్కా. నువ్వు పెద్దదానివి."

"నన్ను తిట్టు. ఎవురికీ ఎందుకు చెప్పలేదు? నా పేరు మాబున్నికి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నీ పేరు ఒక్కటే చెప్తే సరిపోతాదా?" మసరత్ మంచం అంచున కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. "నీకు తెలీంది ఒకటుంది. ఇంగ ఎవురికీ తెలీదు. ఆయన పోదామన్యాడక్కా. ఆస్పత్రికి పోదాం పా మసరతూ అని రెండుసార్లు అన్యాడు. చొక్కా గూడా ఏసుకున్యాడు. నేనే గుండీలు ఇప్పినా. పండుకో, అక్క రాసింది, గంటలో దిగుతాది అన్యా. నా మాట ఇని పండుకున్యాడు. ఎడమపక్కకు తిరగమంటే తిరిగినాడు."

హేమమాలిని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎస్తరమ్మ ఆ పొద్దు చెప్పింది. చెమట పడితే ఆగొద్దని చెప్పింది. నేనూ ఆడనే ఉన్యా గదా? నేనూ ఇన్యా. నువ్వు నవ్వితే నీతోపాటు నేనూ నవ్వినా. ఆయనకు చెమట పడ్తాంటే కొంగుతో తుడిచినా గానీ ఆ మాట యాదికి రాలేదు. నీ కాయితంలో ఉండేదే యాదికొచ్చింది. అంత నమ్మినా నిన్ను."

బయట ఎవరో జాకెట్టు కోసం పిలిచారు. "రేపు రా పాపా," అని మసరత్ కేకేసింది.

"నీ మీద కోపం లేదక్కా అని చెప్పాలని శానాసార్లు ఫోన్ తీసినా," అంది. "చెప్పలేకపోయినా. ఎందుకంటే ఉంది. నీ మీద ఎంత ఉందో నా మీద అంత ఉంది. యాడ నీది అయిపోయి నాది మొదలవుతాదో నాకే తెలీడంల్యా. నువ్వు చెడ్డదానివి కావు. నాకు తోడబుట్టినదాని కంటే ఎక్కువ. గానీ నీ మొగం సూస్తే ఆ గంటే కండ్లముందర నిలబడ్తాది. అందుకే చెప్తాండా. ఇంగ రాబాకక్కా. ఫోన్ గూడా చేయబాక."

"ఎప్పటికీనా?"

"ఏమో. ఇప్పుడైతే రాబాక."

హేమమాలిని బయల్దేరింది. మసరత్ గుమ్మం దాకా వచ్చి ఆమె చెప్పులు సర్ది కాళ్ల ముందు పెట్టింది. అలా ఎందుకు చేసిందో ఇద్దరికీ తెలుసు. పెద్దదాన్ని కాళ్లు పట్టుకోనివ్వకుండా ఆపిన మనిషి, చిన్నదిగా తన మర్యాద తాను చేసింది. వీధిలోకి వచ్చాక హేమమాలిని కుడివైపు తిరగాల్సింది ఎడమవైపు తిరిగి వీధి చివరిదాకా నడిచింది. ఆస్పత్రి అక్కడే ఉంది. అడుగులు లెక్కపెట్టలేదు కానీ, దాన్ని చేరడానికి ఎంతసేపూ పట్టలేదు.

డిసెంబరు కూటానికి ఆమె పైకి వెళ్లింది. పాత వినోదం గురించి ఏమీ రాయలేదు. ఒక్క పేజీయే తెచ్చింది. జూన్‌లో తాను ఏం రాసిందో, ఎస్తర్ ఏం చెప్పిందో, తాను ఎందుకు చేర్చలేదో, దానివల్ల ఏమైందో ఉన్నదున్నట్టు చదివింది. మసరత్ తన భర్త చొక్కా గుండీలు విప్పిన సంగతి మాత్రం రాయలేదు. అది మసరత్ తన ఒక్కదానికే చెప్పుకుంది.

చదవడం ముగిశాక వెనక నుంచి ఎవరో, "ఆయన ఆయుష్షు అంతేనమ్మా, నువ్వు మనసులో పెట్టుకోబాక," అన్నారు.

"ఆయుష్షు అనబాకండి," అంది హేమమాలిని. "ఆ పేజీ ఫోన్లో ఎవురెవురికి ఉందో తీసేయండి. ఎవురికి పంపించినారో వాళ్లకు ఇది పంపించండి."

హనుమంతయ్య సారు తల ఎత్తలేదు. "తెలిసింది రాయమని చెప్పినా. తెలుసునా లేదా అని నేను ఒక్కసారీ అడగలేదు," అన్నాడు. ఆ రోజు ఇంకెవరూ చదవలేదు. ఒక్కొక్కరే లేచి మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆ తర్వాత నాలుగు నెలలు కూటం జరగలేదు. మళ్లీ మొదలయ్యేసరికి ఆరుగురే మిగిలారు.

కొత్త కాగితం పాతదాని అంత దూరం పోలేదు. అందులో నవ్వు లేదు కదా. మార్చి నెలలో చక్రాయపేట నుంచి ఫణీంద్ర పెద్దమ్మ కూతురు సుబ్బలక్ష్మమ్మ ఒక మెసేజ్ పంపింది. ఛాతీలో మంటకు వాము, సొంఠి, నల్లుప్పు. టైపు చేసి, పైన పూలబొమ్మ పెట్టి ఉంది. అడుగున అందరికీ పంపండని ఉంది. రాసినవాళ్ల పేరు లేదు. వీలునామా, తేన్పు కూడా లేవు. గంటలో దిగుతుంది అన్న మాట మాత్రం అలాగే ఉంది.

హేమమాలిని వెంటనే ఫోన్ చేసింది.

"వదినా, ఇది నీకు ఎవురు పంపినారు?"

"ఎవురో ఏమో. మంచి మాట గదా అని నేనూ పది మందికి పంపినా. ఏం?"

"అది రాసింది నేనే వదినా. దాన్ని నమ్మి ఒక మనిషి పోయినాడు." జరిగింది మొత్తం చెప్పింది. అవతల సుబ్బలక్ష్మమ్మ అయ్యయ్యో అంది. ఆ పదిమంది పేర్లు అడిగి, నంబర్లు రాసుకుని, హేమమాలిని ఒక్కొక్కరికి ఫోన్ చేసింది. ఇద్దరు విన్నారు. ఒకాయన విసుక్కున్నాడు. మిగతావాళ్లు ఎత్తలేదు. అప్పటినుంచి ఆ మెసేజ్ ఎక్కడ కనబడినా ఆమె చేసే పని అదే. ఫణీంద్ర ఇప్పుడు ఏమీ అనడు.

మసరత్ మళ్లీ ప్రొద్దుటూరు రాలేదు. లైనింగు గుడ్డ పులివెందులలోనే కొనుక్కుంటోంది. రెండు నెలలకొకసారి ఎస్తర్ మాత్రం పోయి చూసి వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు అంగడి ముందు బస్సు దిగి కాసేపు కూర్చుంటుంది. హేమమాలిని నీళ్లిచ్చి, ఏదో బట్ట మడత పెడుతూ, తల ఎత్తకుండా అడుగుతుంది.

"తింటాందా అక్కా?"

"తింటాంది."

"నన్నేమన్నా అడిగిందా?"

ఎస్తర్ అబద్ధం చెప్పదు. "లేదు హేమా," అంటుంది.

హేమమాలిని తల ఊపి, ఆ బట్ట అరలో పెట్టి, ఇంకొకటి తీసుకుంటుంది.